రెండు సీట్లు, ఏడుగురు మనుషులు

ఈ వారం మీతో ఒక చరిత్ర సంగతి పంచుకుందామని అనుకున్నాము. యాభై ఏళ్ల క్రిందటి మాట. 1975 ఏప్రిల్ నెలాఖరు. వియత్నాం దక్షిణ తీరానికి ఎదురుగా ఉన్న సముద్రంలో, చక్రాలున్న ఒక చిన్న విమానం పెద్ద యుద్ధనౌక మీద దిగింది. అలాంటి విమానం అలాంటి ఓడ మీద దిగకూడదు. ఆ పైలట్ అంతకు ముందు ఏ ఓడ మీదా దిగినవాడు కాదు.

ఈ కథ ఎక్కడ చెప్పినా పైలట్ ధైర్యం గురించే చెబుతారు. ఆ ధైర్యం చెప్పుకోదగ్గదే. అయితే మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ విమానం దిగకముందు ఓడ మీద గడిచిన గంట. అందుకని ఆ గంటను కాస్త నిదానంగా చెబుతాము, మిగతాది త్వరగా దాటిపోతాము.

మనలో పెద్దవాళ్లకు వియత్నాం యుద్ధం రేడియో వార్తల్లో విన్న గుర్తు ఉంటుంది. పిల్లల కోసం రెండు మాటలు. ఆ దేశం అప్పట్లో ఉత్తరం, దక్షిణం అని రెండు ముక్కలుగా ఉండేది. ఉత్తరాన కమ్యూనిస్టు ప్రభుత్వం, దక్షిణాన అమెరికా అండతో నడిచే ప్రభుత్వం. 1973లో పారిస్‌లో సంధి పత్రం మీద సంతకాలు అయ్యాయి, అమెరికా సైనికులు వెళ్లిపోయారు. 1975 మార్చి నుండి ఉత్తరం సేనలు దక్షిణంలోని పట్టణాలను ఒక్కొక్కటిగా పట్టుకుంటూ వచ్చాయి. ఏప్రిల్ చివరికి రాజధాని సైగాన్ ఒక్కటే మిగిలినట్టయింది. అక్కడి టాన్ సన్ న్యూట్ విమానాశ్రయం మీద రాకెట్లు, ఫిరంగి గుండ్లు పడి, పెద్ద విమానాలు ఎగిరే వీలు లేకుండా పోయింది. ఇక మిగిలింది హెలికాప్టర్లే.

ఏప్రిల్ 29న అమెరికా వాళ్లు చివరి తరలింపు మొదలుపెట్టారు. దానికి గుర్తుగా తమ రేడియోలో క్రిస్మస్ పాట ఒకటి వేశారు. మండుటెండల్లో, ఏప్రిల్‌లో, మంచు కురిసే క్రిస్మస్ గురించిన పాట. ఆ సంకేతం తెలిసినవాళ్లు మూట సర్దుకుని బయలుదేరారు. ఆ రెండు రోజుల్లో దాదాపు 7,000 మందిని హెలికాప్టర్లలో సముద్రం మీది ఓడలకు చేర్చారు. అయినా అందరూ ఎక్కలేదు. అమెరికా రాయబార కార్యాలయం ఆవరణలో, తీసుకువెళతామని మాట ఇచ్చిన తర్వాత కూడా, సుమారు 420 మంది మిగిలిపోయారు. ఈ సంఖ్యను మరచిపోవద్దు. మనం చెప్పుకోబోయే ఏడుగురి కథ ఆ 420 మంది పక్కనే జరిగింది.

పిలిచి తీసుకువెళ్లిన వాళ్లు పోగా, పిలవకుండా వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. దక్షిణ వియత్నాం వాయుసేన పైలట్లు చాలామంది తమ దగ్గరున్న హెలికాప్టర్లలో భార్యాపిల్లలను ఎక్కించుకుని, ఓడలు కనబడేంతవరకు సముద్రం మీదికి ఎగిరి వచ్చారు. ఓడ కనబడితే దిగడమే. అనుమతి అడిగే తీరిక ఎవరికీ లేదు. ఆ ఓడల్లో ఒకటి యు.ఎస్.ఎస్. మిడ్‌వే. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్ది రోజులకే, 1945 సెప్టెంబరులో, నౌకాదళంలో చేరిన విమాన వాహక నౌక. పొడవు సుమారు 1,000 అడుగులు. మన ఊరి బడి మైదానాన్ని మూడు నాలుగు సార్లు వరసగా పేర్చినంత పొడవు. అంత పెద్ద డెక్కు కూడా ఆ రోజుల్లో హెలికాప్టర్లతో, దిగినవాళ్ల మూటలతో, పిల్లల ఏడుపులతో నిండిపోయింది.

ఇక విమానం దగ్గరికి వద్దాము.

దక్షిణ తీరానికి దూరంగా కాన్ సన్ అనే ద్వీపం ఉంది. దక్షిణ వియత్నాం వాయుసేనలో మేజర్‌గా ఉన్న బువాంగ్ లీ ఆ ద్వీపం నుండి సెస్నా కంపెనీ వారి చిన్న విమానంలో బయలుదేరాడు. దాని పేరు ఓ-1, ముద్దుపేరు బర్డ్ డాగ్. రెక్కలు పైన, చక్రాలు ముందు రెండు, తోక కింద చిన్నది ఒకటి, ముక్కున ఒకే ఇంజను. యుద్ధానికి కాదు, పైనుంచి చూసి శత్రువు ఎక్కడున్నాడో చెప్పడానికి వాడే విమానం. దానిలో సీట్లు రెండే, ఒకదాని వెనుక ఒకటి. ముందు సీటులో లీ కూర్చున్నాడు. వెనుక సీటులోనూ, దాని వెనుక సామాను పెట్టుకునే ఇరుకులోనూ ఆయన భార్య, ఐదుగురు చిన్నపిల్లలు.

ఆ ఇరుకును ఒకసారి ఊహించండి. ఆటోలో పదిమందిని కుక్కుకుని సంతకు వెళ్లడం మన వైపు అలవాటే గనుక ఊహించడం కష్టం కాదు. అయితే ఆటో ఆగితే కిందికి దిగి నిలబడవచ్చు.

లీ సముద్రం మీదికి వచ్చాక హెలికాప్టర్లు ఒకే వైపు పోవడం చూసి వాటి వెంట వచ్చాడు. అలా మిడ్‌వే కనబడింది. లైట్లు వెలిగించి ఓడ చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఓడ వాళ్లు అత్యవసర ఫ్రీక్వెన్సీల మీద రేడియోలో పిలిచారు. జవాబు రాలేదు. అప్పుడు లీ ఒక చీటీ రాసి కిందికి వదిలాడు. గాలికి అది డెక్ దాటి సముద్రంలో పడింది. మరొకటి వదిలాడు. అదీ పోయింది. చివరికి చీటీని తన పిస్తోలుకు జత చేసి, ఓడ మీదుగా తక్కువ ఎత్తులో పోతూ విసిరాడు. ఆ బరువుకు అది డెక్ మీద నిలిచింది.

సైనికుడు చివరి వరకు దగ్గర ఉంచుకునేది తన ఆయుధాన్ని. ఆ రోజు దాన్ని కాగితం ఎగిరిపోకుండా రాయిలాగా వాడాడు. మేము ఈ కథలో ఎక్కువసేపు ఆగిన చోటు ఇదే.

చీటీలో ఉన్న ఇంగ్లీషు వచ్చీ రానిది, భావం మాత్రం స్పష్టం. హెలికాప్టర్లను ఒక పక్కకు జరపగలరా, జరిపితే మీ రన్‌వే మీద దిగగలను, ఇంకో గంట ఎగరగలను గనుక జరపడానికి సమయం ఉంది, దయచేసి కాపాడండి అని. కింద తన పేరు, భార్య, 5 మంది పిల్లలు అని రాశాడు. చూడండి, అంత ఆపదలో కూడా ఆ మనిషి ఎదుటివాళ్ల పని గురించి ఆలోచించాడు. జరపడానికి మీకు ఇంత వ్యవధి ఉంది అని లెక్క చెప్పాడు. సహాయం అడగడంలో ఇదొక మర్యాద. అడిగేవాడు తన కష్టమే చెప్పుకుంటే వినేవాడికి ఏం చేయాలో తోచదు. లీ ఏం కావాలో, ఎంతసేపట్లో కావాలో చెప్పాడు.

చీటీ కెప్టెన్ చేతికి వెళ్లింది. ఆయన పేరు లారెన్స్ చాంబర్స్. వయసు 45. నల్లజాతివారిలో అమెరికా విమాన వాహక నౌకకు కెప్టెన్ అయిన మొదటి వ్యక్తి ఆయనే. ఆ బాధ్యత తీసుకుని అప్పటికి కొద్ది వారాలే అయింది. 1952లో నౌకాదళ అకాడమీ నుండి పట్టా పుచ్చుకున్నప్పుడు, ఆ అకాడమీ చరిత్రలోనే పట్టభద్రుడైన రెండవ నల్లజాతీయుడు. అలాంటి మనిషి ఒక్క తప్పటడుగు వేస్తే నలుగురూ ఏమనేవారో మీకు వేరే చెప్పనక్కర లేదు. మన దగ్గర కూడా మొదటిసారి పెద్ద కుర్చీలో కూర్చున్న పేదింటి బిడ్డ మీద ఎన్ని కళ్లు ఉంటాయో మనకు తెలుసు.

ఓడ మీద ఉన్న అడ్మిరల్ వైపు నుండి వచ్చిన ఆలోచన ఏమిటంటే, విమానాన్ని ఓడ పక్కన నీళ్లలో దించమనండి, పడవలతో ఏరుకుందాము అని. పైకి చూస్తే న్యాయంగానే ఉంది. అయితే చాంబర్స్ స్వయంగా పైలట్. బర్డ్ డాగ్ చక్రాలు లోపలికి ముడుచుకునే రకం కాదు, బయటికే వేలాడుతుంటాయి. అవి నీటిని తాకగానే విమానం తలకిందులైపోతుంది. విమానంలో ఇద్దరు కాదు, కనీసం నలుగురు కనబడుతున్నారని చూసినవాళ్లు అప్పటికే చెప్పారు. తలకిందులైన ఇరుకు పెట్టెలోంచి పసిపిల్లలను బయటికి తీయడం ఎవరి తరం? ఆయన డెక్ ఖాళీ చేయమన్నాడు.

ఖాళీ చేయమనడం తేలిక. ఎక్కడికి జరుపుతారు? కొన్నింటిని పక్కలకు తోశారు, తోసినకొద్దీ చోటు చాలలేదు. అప్పుడు చాంబర్స్ ఇచ్చిన ఆజ్ఞ, జరపడానికి వీలు కాని హెలికాప్టర్లను సముద్రంలోకి తోసేయమని. అవి హ్యూయీ అనే రకం, అమెరికా డబ్బుతో తయారై దక్షిణ వియత్నాంకు ఇచ్చినవి. ఆ రోజు నీళ్లలో కలిసిన వాటి విలువ కోటి డాలర్లు ఉంటుందని అంచనా.

డెక్ మీద విమానాల కదలికకు పెద్దగా ఉండే అధికారిని ఎయిర్ బాస్ అంటారు. ఆ పనిలో ఉన్న వెర్న్ జంపర్, తోయడానికి మనుషులు కావాలని పిలుపు ఇచ్చాడు. ఓడ కింది అంతస్తుల నుండి, హోదా తేడా లేకుండా, తీరిక ఉన్నవాళ్లందరూ పైకి వచ్చి భుజాలు ఆనించారు. సన్నగా వాన పడుతోంది. వాళ్లు తోస్తుండగానే మరో ఐదు హ్యూయీలు వచ్చి ఖాళీ చేసిన చోటే దిగాయి. అందులోని మనుషులను దింపి, వాటిని కూడా తోసేశారు. చేసిన పని మళ్లీ మొదటికి రావడం ఎంత విసుగో పొలం పని చేసేవాళ్లకు తెలుసు. ఊడ్చిన కళ్లంలో మళ్లీ గాలివాన కొట్టినట్టే.

పౌలు ఎక్కిన ఓడ తుఫానులో చిక్కినప్పుడు సరుకు, ఓడ సామగ్రి, చివరికి గోధుమలు సైతం సముద్రంలో వేసిన వృత్తాంతం మన సంఘస్థులకు బాగా తెలిసిందే. అక్కడ పారవేసినవాళ్లు తమ ప్రాణాలు దక్కించుకోవడానికి పారవేశారు. మిడ్‌వేకు ఏ తుఫానూ లేదు. ఓడ మునిగే భయం లేదు. డెక్ మీద ఉన్నవాళ్లలో ఎవరికీ ఏమీ కాదు. పైన తిరుగుతున్న ఏడుగురి కోసమే అదంతా. ఆ తేడా గమనించవలసినది అని మాకు అనిపించింది.

చాంబర్స్ తర్వాతి కాలంలో ఈ సంగతి చెబుతూ, తన మీద సైనిక విచారణ తప్పదనే అప్పుడు అనుకున్నానని చెప్పాడు. అందుకే హెలికాప్టర్లు పడిపోతుంటే అటు చూడలేదట. రేపు ఎన్ని పారవేశావని అడిగితే నాకు తెలియదని నిజంగా చెప్పగలగాలి కదా అని. ఈ మాట చదివి మేము నవ్వుకున్నాము. అయితే ఆ మనిషి శిక్షకు సిద్ధపడే ఆజ్ఞ ఇచ్చాడు, అబద్ధం ఆడడానికి మాత్రం సిద్ధపడలేదు.

ఇప్పుడు దిగడం ఎలాగో చెబుతాము. ఇది కొంచెం శ్రద్ధగా వినాలి.

విమాన వాహక నౌక మీద దిగే జెట్ విమానానికి తోక కింద ఒక కొక్కెం ఉంటుంది. డెక్ మీద అడ్డంగా బలమైన ఉక్కు తీగలు కట్టి ఉంటాయి. కొక్కెం తీగకు తగులుకుంటే విమానం పరుగు ఆగుతుంది. బర్డ్ డాగ్‌కు కొక్కెం లేదు. కొక్కెం లేనప్పుడు ఆ తీగలు మేలు చేయకపోగా, చిన్న చక్రాలకు అడ్డుపడి విమానాన్ని బోల్తా కొట్టిస్తాయి. కాబట్టి ఓడను ఓడగా చేసే ఆ తీగలనే తీసేయించాడు కెప్టెన్.

మరి విమానం ఎలా ఆగాలి? గాలి సహాయంతో. కదులుతున్న బస్సు ఎక్కేవాడు బస్సు పోయే వైపే పరుగెత్తి ఎక్కుతాడు, ఎందుకంటే అప్పుడు బస్సు నిదానంగా పోతున్నట్టు ఉంటుంది. ఇదీ అంతే. ఓడను గాలికి ఎదురుగా తిప్పి వేగంగా నడిపితే, వెనుక నుండి వచ్చే విమానానికి ఓడ ముందుకు జరుగుతూ ఉంటుంది, ఎదురుగాలి రెక్కలను పట్టి ఉంచుతుంది. చాంబర్స్ 25 నాట్ల వేగం కావాలన్నాడు. ఇంజను గది నుండి అంత ఆవిరి లేదని జవాబు వచ్చింది, మరమ్మతుల కోసం కొన్ని యంత్రాలు ఆపి ఉన్నాయి. ఓడలోని కరెంటు అవసరాలను డీజిల్ జనరేటర్ల మీదికి మార్చి ఆ ఆవిరిని ఓడ నడవడానికి పెట్టమన్నాడు. ఓడ వేగం 25 నాట్లు, ఎదురుగాలి 15 నాట్లు, కలిపితే 40. గంటకు దాదాపు 74 కి.మీ. బర్డ్ డాగ్ పడిపోకుండా ఎగరాలంటే గంటకు 90 కి.మీ. చుట్టుపక్కల వేగం ఉండాలి. అంటే అది డెక్‌ను తాకేటప్పుడు, డెక్ మీద నిలబడ్డవాడికి మోపెడ్ వచ్చినంత నెమ్మదిగా వస్తుంది. లెక్క కాగితం మీద బాగానే ఉంది.

ఒక్క చిక్కు ఉంది. పెద్ద లారీ వెనకాల సైకిల్ మీద పోయేవాళ్లకు తెలుసు, లారీ వెనుక గాలి సుడి తిరుగుతుంది. వేగంగా పోయే పెద్ద ఓడ వెనుక కూడా గాలి కిందికి లాగుతుంది. తేలికపాటి విమానం దిగే ముందు ఆ గాలిలో పడితే డెక్ చివరి అంచుకు కొట్టుకుంటుంది. ఆ హెచ్చరికను వియత్నామీస్ భాషలోనూ ఇంగ్లీషులోనూ రేడియోలో పదే పదే చెప్పారు. మబ్బులు 500 అడుగుల ఎత్తులోనే కమ్ముకున్నాయి. చూపు ఐదు మైళ్లకు మించి ఆనడం లేదు.

డెక్ ఖాళీ అవడం లీ పైనుంచి చూశాడు. చుట్టు తిరిగి వచ్చి, నిదానంగా కిందికి దిగాడు. చక్రాలు డెక్ మధ్య గీత దగ్గర తాకాయి, విమానం ఒకసారి ఎగిరిపడింది, మళ్లీ తాకింది, కొంత దూరం పరుగెత్తి, డెక్ అంచు ఇంకా మిగిలి ఉండగానే ఆగింది. గాలికి పక్కకు పోకుండా నావికులు పరుగున వచ్చి రెక్కలు పట్టుకున్నారు. చూస్తున్న వాళ్లందరూ కేకలు, చప్పట్లు. తలుపు తెరిస్తే లీ దిగాడు, భార్య దిగింది, పిల్లలు ఒకరి వెనుక ఒకరు దిగారు. రెండు సీట్ల విమానంలోంచి అలా దిగుతూనే ఉంటే కొందరు నావికులు నమ్మలేకపోయి ఉంటారు.

లీని కెప్టెన్ దగ్గరికి తీసుకువెళ్లారు. చాంబర్స్ ఆయనను అభినందించాడు. ఓడ సిబ్బంది తమలో తాము చందా వేసుకుని, ఆ కుటుంబం అమెరికాలో నిలదొక్కుకోవడానికి నిధి ఏర్పాటు చేశారు. కోటి డాలర్ల ప్రభుత్వ సొమ్ము నీళ్లలో పోసిన చేతులే సొంత జేబుల్లోంచి తీసి ఇచ్చాయి. ఆ తర్వాత ఇదే ఓడ థాయిలాండ్ నుండి, అక్కడికి పారిపోయి వచ్చిన దక్షిణ వియత్నాం విమానాలను 100కు పైగా ఎక్కించుకుని గ్వామ్ ద్వీపానికి చేర్చింది. సొమ్ము లెక్క అడిగేవాళ్లకు ఆ లెక్క కూడా చెప్పవచ్చు.

సైనిక విచారణ రాలేదు. చాంబర్స్ రియర్ అడ్మిరల్ అయ్యి 1984లో పదవీ విరమణ చేశాడు.

ఇంతటితో ఆపితే ఇది మంచివాళ్ల కథగా ముగిసిపోతుంది. కానీ కాన్ సన్ ద్వీపం గురించి మీకు చెప్పకుండా ఉండలేము. ఆ ద్వీపం పేరు చెబితే వియత్నాం వాళ్లకు గుర్తుకు వచ్చేది జైలు. ఫ్రెంచి వాళ్లు పాలించిన రోజుల్లో కట్టినది. తర్వాత దక్షిణ ప్రభుత్వం తన రాజకీయ విరోధులను అక్కడే ఉంచింది. నేల మీద ఇరుకు గదులు, పైకప్పు బదులు ఇనుప కమ్మీలు, ఆ కమ్మీల మీద నడుస్తూ కాపలా. వాటిని పులిబోనులు అనేవారు. 1970లో అమెరికా కాంగ్రెస్ సభ్యులతో వెళ్లిన టామ్ హార్కిన్ అనే సహాయకుడు తీసిన ఫోటోలు లైఫ్ పత్రికలో వచ్చాక ప్రపంచానికి తెలిసింది. లీ కుటుంబం ప్రాణభయంతో ఆ ద్వీపం విడిచింది. ఒకటి రెండు రోజులు తిరక్కుండానే, మే 1న, అదే ద్వీపంలో జైలు తలుపులు తెరుచుకుని వేలమంది ఖైదీలు బయటికి వచ్చారు. ఒకే నేల, ఒకే వారం. ఒక పిల్లవాడు అక్కడి నుండి తప్పించుకున్నందుకు తల్లి కన్నీళ్లు పెట్టుకుంది, మరో తల్లి అక్కడి నుండి బిడ్డ తిరిగి వచ్చినందుకు పెట్టుకుంది. మేము ఏ ఒక్కరి పక్షానా నిలబడి రెండవవారిని మరచిపోలేము.

చాంబర్స్ ఆ చీటీ పట్టుకుని నిలబడ్డప్పుడు, పైన తిరిగేవాడు ఏ ప్రభుత్వం కింద ఏ పని చేశాడో విచారించలేదు. విచారించడానికి గంట చాలదు. ఆ గంటలో చేయగలిగింది ఒక్కటే, చోటు చేయడం.

మిడ్‌వే ఇప్పుడు శాన్ డియాగో రేవులో మ్యూజియం. విశాఖ ఆర్.కె. బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి ఎక్కి చూసినట్టే అక్కడి జనం ఆ ఓడ ఎక్కి చూస్తారు. డెక్ మీద నడుస్తారు. లీ నడిపిన బర్డ్ డాగ్ ఆ ఓడ మీద లేదు. అది ఆ దేశానికి మరో చివర, ఫ్లోరిడా రాష్ట్రంలోని పెన్సకోలాలో, నౌకాదళ విమానాల మ్యూజియంలో ఉంది. హెలికాప్టర్లు దక్షిణ చైనా సముద్రం అడుగున ఉన్నాయి. ఎన్ని అని అడిగితే, కెప్టెన్ అటు చూడలేదు.